లక్ష్యం లేని మూడో గడి

జిల్లా క్షయ నివారణ కేంద్రానికి జన్యు పరీక్ష యంత్రం వచ్చిన రోజున దానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. జిల్లా అధికారి డాక్టర్ గౌరీపతి పట్నాయక్ దగ్గర్నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ల్యాబ్ టెక్నీషియన్ దమయంతి ఒక్కతే దాని పెట్టెలో ఉన్న చిన్న పుస్తకం తీసి చదివింది. చదివిన పాపానికి యంత్రం బాధ్యత ఆవిడ నెత్తిన పడింది.

ఆ పుస్తకంలో ఉన్నది పెద్ద విద్యేమీ కాదు. రోగి కళ్లెను మందునీళ్లలో కలిపి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పోసి యంత్రంలో పెడితే, రెండు గంటల్లో అందులో క్షయ క్రిమి ఉందో లేదో చెబుతుంది. ఉంటే, ఆ క్రిమి జన్యువు కూడా చదివి, మనం రోజూ ఇచ్చే అసలు మందుకు అది లొంగుతుందో, మొండికేసిందో తేల్చేస్తుంది. మొండితనం ఉంటే 'ఉంది' అంటుంది. లేకపోతే 'లేదు' అంటుంది. నమూనాలో క్రిములు మరీ తక్కువై జన్యువు సరిగా కనపడకపోతే, దాపరికం లేకుండా 'తేలలేదు' అంటుంది. అప్పుడు మళ్లీ మంచి నమూనా తెప్పించుకుని పరీక్ష చెయ్యాలి. అంతే.

నెలాఖరున ఈ ఫలితాలను మూడు గడుల పట్టికలో నింపి రాజధానికి పంపాలి. మొదటి నెల దమయంతి ఉన్నదున్నట్టు నింపింది. 'ఉంది' గడిలో పందొమ్మిది పడింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది.

"సదరు జిల్లాలో పందొమ్మిది మంది రోగులయందు క్రిమి మొండితనము సంభవించినట్లు తెలియవచ్చినది. జిల్లా అధికారి వారి ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉండగా క్రిమి ఇట్టి వైఖరిని అవలంబించుటకు గల కారణములను మూడు దినములలోగా తెలియజేయవలెను."

డాక్టర్ పట్నాయక్ భయస్తుడు. మరుసటి నెల దగ్గు దాదాపు తగ్గిపోయినవాళ్లనే వెతికి వెతికి పరీక్ష చేయించాడు. 'లేదు' గడి నిండిపోయింది. ఈసారి మెమో నాలుగు రోజుల్లోనే వచ్చింది. పొరుగు జిల్లాలు మొండి క్రిములను కనుగొనుచుండగా ఈ జిల్లా కనుగొనకపోవుట అన్వేషణలో అలసత్వమును సూచించుచున్నదట. ఉంటే ఎందుకుంది, లేకపోతే ఎందుకు లేదు! పాపం, డాక్టరు గారికి రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో నెలలో ముసురు పట్టింది. ఊళ్లల్లో పెట్టిన శిబిరాల నుంచి కళ్లె బదులు ఉత్త ఉమ్మి వచ్చింది. యంత్రం 'తేలలేదు' అని పదకొండుసార్లు అంది. పట్టిక వెళ్లింది. వారమైంది, పది రోజులైంది, మెమో రాలేదు. సూపరింటెండెంట్ కామేశం రోజూ తపాలా సంచీని తిరగేసి మరీ వెతికాడు. పన్నెండో రోజున పట్టిక ముందేసుకుని కూర్చుని, మధ్యాహ్నం టీ చల్లారేదాకా దాన్నే చూసి, చటుక్కున లేచి డాక్టరు గారి గదిలోకి వెళ్లాడు. దమయంతి అక్కడే ఉంది, కాంట్రాక్టు పొడిగింపు కాగితం పట్టుకుని. ఏడాదికోసారి ఆ కాగితం మీద డాక్టరు గారి సంతకం పడితేనే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"డాక్టరు గారూ, దొరికిందండీ!" అన్నాడు కామేశం. "మొదటి గడికి పై హద్దుంది, ఇంతకి మించకూడదని. రెండో గడికీ ఓ హద్దుంది. మూడో గడికి హద్దే లేదు. లక్ష్యం పెట్టడం మరిచిపోయారు. వాళ్లు మరిచిపోయిన చోటే మనలాంటోళ్లం బతకాలండీ."

"అంటే?"

"అన్నీ మూడో గడిలో పడాలి. ఉందీ వద్దు, లేదూ వద్దు. తేలలేదు, అంతే."

"మరి రోగికి ఏం చెబుతామయ్యా?"

"తేలలేదనే చెబుతాం. అబద్ధం కాదు కదండీ! ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను కదిపిన ఫైళ్లల్లో తేలింది ఒక్కటుందేమో అడగండి. ఒక్కటీ లేదు. నా మీద మెమో ఒక్కటుందా? అదీ లేదు."

డాక్టర్ పట్నాయక్ కుర్చీలో వెనక్కి వాలాడు. మూడు నెలల తర్వాత ఆయన మొహంలోకి నెత్తురొచ్చింది. సాయంత్రానికల్లా 'ఫలితముల సమతుల్యతా కార్యక్రమము' పేరిట ఉత్తర్వు తయారైంది. ఇకమీదట ప్రతి నమూనాను తగు మేరకు పలచన చేసిన పిమ్మటనే యంత్రమునకు సమర్పించవలెను.

"సార్, ఒక పాలు కళ్లెకి రెండు పాళ్లు మందునీళ్లు అని పుస్తకంలో ఉంది," అంది దమయంతి.

"పుస్తకం యంత్రం చేసినోడు రాసుకున్నాడమ్మా. మెమో వస్తే అతగాడు జవాబు చెప్తాడేటి?" అన్నాడు కామేశం.

తీరా మొదలుపెట్టాక తెలిసింది, పలచన చెయ్యడం అంత తేలిక కాదని. నీళ్లు తక్కువైతే యంత్రం నిజం చెప్పేస్తోంది. ఎక్కువైతే అసలు క్రిమే లేదంటోంది. క్రిమే లేకపోతే కొత్త రోగులను కనిపెట్టే లక్ష్యం తప్పిపోతుంది, దానికి వేరే మెమో. క్రిమి ఉందని తెలియాలి, దాని గుణం తెలియకూడదు. ఆ సన్నని దారి పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. నిపుణుణ్ణి పిలిపిద్దామన్నాడు కామేశం.

నిపుణుడి పేరు లింగరాజు. సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. నలభై మందికి సరిపడే కందిపప్పుతో రెండొందల మంది పిల్లలకు ముప్పై ఏళ్లు వడ్డించాడు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారి చేతా 'ఇది పప్పే' అని సంతకం పెట్టించుకున్నాడు.

ఆయన సమస్యంతా విని నవ్వాడు. "ఓస్, ఇంతేనా! పప్పుందని తెలియాల, ఏ పప్పో తెలియకూడదు. అంతే గదా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని 'పలచన సాంకేతిక సలహాదారు'గా నియమించారు. లింగరాజు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. దమయంతి సీసా పట్టుకుంటే వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. "ఇంకొంచెం పొయ్యమ్మా... ఇంకొంచెం... ఆఁ, చాల్చాలు." ఏం చెయ్యి మహానుభావుడిది! మొదటి రోజునే పదింట ఎనిమిది తేలలేదు. నెల తిరిగేసరికి వందకి తొంభై ఆరు తేలలేదు.

సరిగ్గా ఆ నెలలోనే తవిటమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుండవు. పిక్కల నూనెకి వేళ్లు నల్లబడిపోయి, చెంపలు లోపలికి పోయి, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య గోడ పట్టుకుని దగ్గుతోంది.

"నాలుగు నెల్లై మాత్తర్లు మింగుతున్నానమ్మా. ఒక్కపూట మాన్నేదు. దగ్గు తగ్గనేదు, ఒళ్లు సగమైపోనాది. ఈ మిసను సూసి సెప్తాదంట కదా, ఆ మందు నాకు పనిసేత్తాదో నేదో. బేగి సూసి సెప్పీయమ్మా, ఇంటికాడ రెండేళ్ల గుంట ఉంది."

దమయంతికి చూడగానే అర్థమైంది. నాలుగు నెలలు క్రమం తప్పకుండా మింగినా తగ్గలేదంటే క్రిమి మొండికేసి ఉంటుంది. అది కాగితం మీద పడితే చాలు, కొత్త మాత్రలు ఇస్తారు, మనిషి బతుకుతుంది. తవిటమ్మ ఇచ్చిన నమూనా చిక్కగా, పుస్తకంలో బొమ్మ వేసినంత బాగుంది. రెండు గంటల్లో తేలిపోయే సంగతి. దమయంతి సీసా తీసుకుని లోపలికి వెళ్లింది. లింగరాజు కన్ను మూశాడు. "అబ్బో, ఇది ముద్దపప్పులాగుందే! పొయ్యమ్మా, బాగా పొయ్యి."

తేలలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. తేలలేదు. ఇంకో రెండు వారాలకు వచ్చింది. అప్పుడూ తేలలేదు. కొత్త మాత్రలు ఇవ్వాలంటే 'ఉంది' అని రాసి, డాక్టరు గారు సంతకం చేసిన కాగితం కావాలి. పాత మాత్రలు ఆపాలన్నా అదే కాగితం కావాలి. అందుకని తవిటమ్మ పనిచెయ్యని మాత్రలే నిష్ఠగా మింగుతూ వచ్చింది.

"తేలనేదంటే ఏటమ్మా? నాను సస్తానా, బతుకుతానా?" అని మూడోసారి అడిగింది.

ఇలాంటి ప్రశ్నలకు కామేశం జవాబు రాయించి గోడకు అంటించాడు. "చెడు వార్త ఏదియు వెలువడనందున రోగి సంతోషించవలెను." దమయంతి ఆ కాగితం చదివి వినిపించలేకపోయింది. తవిటమ్మ మొహంలోకి చూడనూ లేకపోయింది. ఆ రోజు కేరేజీ విప్పి, ముద్ద కలిపి, మళ్లీ మూత పెట్టేసింది. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. నీళ్లు పోసింది తన చెయ్యే కదా.

రాష్ట్ర సమీక్షలో ఈ జిల్లా పేరు మారుమోగిపోయింది. సంచాలకులు వీడియోలో అందరి ముందూ అన్నారు, "మూడు నెలలుగా ఈ జిల్లాకి మెమో ఇవ్వడానికి నాకు అవకాశమే దొరకలేదు. మిగతా జిల్లాలు దీన్ని చూసి నేర్చుకోవాలి."

నేర్చుకోవడానికి బృందాలు దిగాయి. కిటికీ ఏ దిక్కుకుండాలి, ఏ కన్ను మూయాలి అని రాసుకుని వెళ్లాయి. రాష్ట్రంలో రిటైరైన హాస్టల్ వార్డెన్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఒక జిల్లావాళ్లు వార్డెన్ దొరక్క పెళ్లిళ్ల వంటవాణ్ణి పెట్టుకున్నారు. అతగాడికి చిక్కగా వండటమే అలవాటు కావడంతో ఒక్క నెలలో ఏడు 'ఉంది'లు వచ్చి అక్కడి అధికారి సెలవు మీద వెళ్లిపోయాడు.

చివరికి సంచాలకులే స్వయంగా వస్తున్నారన్నారు. ఆవరణలో షామియానా వేశారు, పెద్ద తెర కట్టారు. యంత్రాన్ని వేదిక మీదికి ఎక్కించి, అందరూ చూస్తుండగా పరీక్ష చేసి, తెర మీద 'తేలలేదు' అని పడగానే జ్యోతి వెలిగించాలని కార్యక్రమం. ఎవరి నమూనా పెట్టాలన్న దాని మీద కామేశం బాగా ఆలోచించాడు.

"తవిటమ్మది పెట్టండి. మూడుసార్లూ తేలలేదు. నమ్మకస్తురాలు," అన్నాడు.

తవిటమ్మను తెల్లచీర కట్టుకుని రమ్మని చెప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ వరసలోంచి దగ్గు వినపడినప్పుడల్లా మైకు గొంతు పెంచారు. వేదిక మీద మొట్టమొదట సలహాదారు లింగరాజుకు సన్మానం మొదలైంది. శాలువా కప్పారు, గజమాల వేశారు. మాలలోంచి ఆయన కళ్లే కనపడలేదు, ఇక సీసా ఏం చూస్తాడు! "నువ్వే కానీయమ్మా, అలవాటైంది కదా," అన్నాడు పూలలోంచి.

దమయంతి సీసా చేతిలోకి తీసుకుంది. కింద తవిటమ్మ ఆవిడ చేతులకేసే చూస్తోంది. ఆ చూపులో ఇంకా నమ్మకం ఉంది. అదే దమయంతిని పట్టి కుదిపేసింది. పోతే ఉద్యోగం పోతుంది, ఈవిడకి పోయేది ప్రాణం అనుకుంది. ఒక పాలు కళ్లె, రెండు పాళ్లు మందునీళ్లు. లెక్కగా పోసి, పదిహేను నిమిషాలు ఆగి, గొట్టంలో నింపి, యంత్రంలో పెట్టి మూత వేసింది. చుక్క ఎక్కువ పడలేదు.

రెండు గంటల పాటు ఉపన్యాసాలు నడిచాయి. సంచాలకులు అనిశ్చితిలోని పాలనా సౌలభ్యం గురించి మాట్లాడారు. డాక్టర్ పట్నాయక్ జ్యోతి దగ్గర అగ్గిపెట్టె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. తెర వెలిగింది.

క్రిమి: ఉంది. మొండితనం: ఉంది.

డాక్టరు గారి చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. కొందరు అధికారులు చటుక్కున ఫోన్లలోకి తలలు వంచేశారు, తామేమీ చూడనట్టు. సంచాలకులు తెర కేసి చూశారు, డాక్టరు కేసి చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదేమిటిది?"

దమయంతి నోరు విప్పేలోపు కామేశం మైకు అందుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఊరికే పోతుందా!

"మహాశయులు గమనించవలెనని కోరుచున్నాను. ఇది పరీక్ష కాదు, పరీక్ష యొక్క ప్రదర్శన. ప్రదర్శనలో వచ్చిన ఫలితము పట్టికలో ఏ గడికీ చెందదు. ఏ గడికీ చెందని ఫలితము ఏదైనను కావచ్చును."

"అంటే లెక్కలోకి రాదంటారు?"

"రాదు సార్. సదరు రోగి కూడా ఈ రెండు గంటలూ రోగి కాదు, ప్రదర్శన సామగ్రి."

సంచాలకుల మొహం విచ్చుకుంది. "అలా చెప్పండి మరి! లెక్కలోకి రాకపోతే నిజం వస్తే మాత్రం ఏం? యంత్రం దివ్యంగా పనిచేస్తోందన్నమాట!" అని చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. జ్యోతి కూడా వెలిగించేశారు.

దమయంతి అక్కడే నిలబడిపోలేదు. కాగితం ముద్రించుకుని, భోజనాల బల్ల దగ్గరికి సూటిగా వెళ్లింది. "సార్, ప్రదర్శన కాగితం. ప్రదర్శన పూర్తి కావాలంటే సంతకం, కొత్త మాత్రలు ఇచ్చిన ఫోటో కూడా ఉండాలి కదా." డాక్టర్ పట్నాయక్ ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆయన అంతా తెలిసినవాడే. చదువుకున్న రోజుల్లో మంచి డాక్టరని పేరు కూడా ఉండేది. "లెక్కలోకి రాదుగా?" అన్నాడు మెల్లగా.

"రాదు సార్."

పళ్లెం పక్కన పెట్టి సంతకం చేశాడు. తవిటమ్మ ఆ సాయంత్రమే కొత్త మాత్రలతో బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే దమయంతి కామేశం బల్ల ముందు నిలబడింది. "ఇవాళ కూడా ఒక ప్రదర్శన పెట్టనా సార్?" కామేశం ఎగిరి గంతేశాడు. ఎందుకంటే పట్టిక వెనకవైపు 'నిర్వహించిన ప్రదర్శనలు' అని ఒక గడి ఉంది, అందులో ఎన్ని పడినా పొగడ్తే. ఆ రోజు నుంచి ల్యాబ్‌లో రోజూ ప్రదర్శనలే. ఒక్కో రోగికి రెండు గొట్టాలు ఖర్చు. ఒకటి నిజానికి, ఒకటి నివేదికకి. మొదటిది దమయంతి పుస్తకం ప్రకారం పోసేది. రెండోది లింగరాజు కన్ను మూసి పోయించేవాడు. మొదటిది చూసి మందిచ్చేవారు, రెండోది చూసి రాజధానిలో మెచ్చుకునేవారు.

దమయంతికి సంతోషంగానే ఉండేది. దొంగచాటుగానైనా జనం బతుకుతున్నారు కదా అనుకునేది. అయితే కామేశం చూస్తూ ఊరుకోలేడు కదా, ప్రదర్శనలకు నియమావళి తయారుచేశాడు. వెనక బ్యానరు ఉండవలెను. ప్రేక్షకులు పదిమందికి తగ్గరాదు. ఫలితము వెలువడిన వెంటనే, అది ఎట్టిదైనను, ప్రేక్షకులు కరతాళధ్వనులు చేయవలెను. అట్టి ధ్వనులు లేని ప్రదర్శన చెల్లదు, దానిపై సంతకము చేయబడదు. దాంతో వరండాలో వరస కట్టినవాళ్లే ప్రేక్షకులయ్యారు. తమ వంతు వచ్చేదాకా ఎదుటివాళ్ల రోగాలకు దగ్గుతూ దగ్గుతూ చప్పట్లు కొట్టేవారు.

రెండు నెలల తర్వాత తవిటమ్మ వచ్చింది. దమయంతి గుర్తుపట్టలేకపోయింది. చెంపలు నిండాయి, మెట్లు ఆగకుండా ఎక్కింది, మాట మధ్యలో దగ్గు లేదు. దమయంతికి కళ్లు చెమర్చాయి. "బాగున్నావే!" అని చెయ్యి పట్టుకుంది.

"నాను బాగున్నానమ్మా, నీ సలవ. గుంటకీ పరిచ్చ సేయించినాను, దానికేటీ నేదన్నారు," అంది తవిటమ్మ. నవ్వబోయి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. గుమ్మం దగ్గర ఒక మనిషి గోడ పట్టుకుని దగ్గుతున్నాడు. "మా ఆయన, సింహాచలం. నెల్లై ఇదే దగ్గు. ఆ తేలని దినాలన్నీ నా పక్కనే తొంగున్నాడు కదమ్మా. ఈయనకీ ఆ పెదరసన ఏదో సేసీయమ్మా."

మొదటి రోజునే రెండు గంటల్లో చెప్పేసి ఉంటే! దమయంతి సీసా అందుకుంది. లింగరాజును అవతలికి వెళ్లమంది. చుక్క తేడా లేకుండా పోసింది. లేదని రావాలి దేవుడా, ఈ ఒక్కటీ లేదని రావాలి అని మొక్కుకుంటూ రెండు గంటలూ యంత్రం దగ్గరే నిలబడింది.

బ్యానరు కట్టారు. వరండాలోంచి పదిమందిని లోపలికి తోలారు. సింహాచలాన్ని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. తెర వెలిగింది.

ఉంది.

దమయంతి తల తిప్పుకుంది. కామేశం చెయ్యి పైకెత్తి సైగ చేశాడు, ఫోటో తీసేవాడు ముందుకొచ్చాడు. నియమం ప్రకారం పదిమందీ చప్పట్లు కొట్టారు. తవిటమ్మ తెర కేసి చూసింది. ఆ అక్షరాలు ఇదివరకు తన కాగితం మీద చూసినవే. కొట్టకపోతే సంతకం పడదన్న సంగతి కూడా ఆవిడకి వరండాలో చెప్పి ఉన్నారు. నల్లబడిన రెండు చేతులూ ఎత్తి అందరికంటే గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది.

సింహాచలానికి చదువు రాదు. తన పెళ్లాంతో సహా ఇంతమంది కొడుతున్నారంటే తనకేదో మేలే జరిగిందనుకున్నాడు. దగ్గు ఆపుకుని, కుర్చీలోంచి లేచి, నవ్వుతూ అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టాడు.